ముప్పై సెకన్ల చీకటి

చెర్వుగట్టు మెట్ల మీద అమావాస్య రాత్రి కెమెరాను స్టాండుకు బిగించి, షట్టర్‌ను ముప్పై సెకన్ల పాటు తెరిచి ఉంచితే వచ్చే బొమ్మలో నడిచేవాళ్లు ఉండరు. నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లికి దగ్గర్లోని ఈ గుట్టకు, జడల రామలింగేశ్వరుడి సన్నిధికి, ప్రతి అమావాస్యకూ జనం తరలివస్తారు. చాలామంది రాత్రి అక్కడే నిద్ర చేస్తారు. మెట్లెక్కే మనిషి ఏ ఒక్క చోటా సెన్సర్‌కు పట్టుబడేంత సేపు నిలవడు కనుక బొమ్మలోంచి మాయమవుతాడు. అతని చేతిలోని సెల్‌ఫోన్ లైటు మాత్రం నడుమెత్తున, అడుగు అడుగుకూ కొంచెం లేస్తూ పడుతూ, గుట్ట పొడవునా ఒక తీగలా మిగిలిపోతుంది. ఆయాసం తీర్చుకోవడానికి మలుపు దగ్గర ఆగినవాడు సగం కనిపిస్తాడు, అతని ఛాతీలోంచి వెనకున్న బండ తేటగా అగుపిస్తుంది. చాప పరుచుకుని పడుకున్నవాళ్లే పూర్తిగా దక్కుతారు, దుప్పటి మడతలతో సహా. ఇలాంటి ఫొటో ఎవరి చేతికిచ్చినా ముందు ఆ వెలుగు తీగను చూస్తారు, తర్వాత మూడుగుండ్లు అనే బండల మీది చుక్కలను చూస్తారు. ఆ రెండింటికీ నడుమ పడమటి వైపు, నేలను ఆనుకుని, ఎవరూ పట్టించుకోని నారింజ రంగు వెలుతురు ఒకటుంటుంది. ఆ దిక్కున ఉన్నది హైదరాబాద్. ఈ ఫొటోలో అసలు చదవాల్సింది ఆ వెలుతురునే. దక్షిణ తెలంగాణ గుట్టల మీద రాత్రిపూట తీసే లాంగ్ ఎక్స్‌పోజర్ ఫొటోను వాల్‌పేపర్ సరుకుగా చూడటం మానేసి, ఈ నేలకు ఇంకా ఎంత చీకటి మిగిలిందో చెప్పే దస్తావేజుగా వాడుకోవాలన్నది నా వాదన.

దీనికి మొదట ఎదురయ్యే అభ్యంతరం, దస్తావేజు అనడానికి అసలు ఈ ఫొటో నిజమేనా అన్నది. కంటికి కనిపించని రంగులు, లెక్కకు మించిన చుక్కలు, పట్టపగల్లా వెలిగే అడవి చూసి ఇదంతా కంప్యూటర్‌లో వండిందే అనేవాళ్లు చాలామంది. వండినవి లేకపోలేదు, వాటి సంగతి తర్వాత. కానీ పున్నమి రాత్రి తీసిన ఫొటోలో చెట్లు పచ్చగా, ఆకాశం నీలంగా రావడంలో మోసమేమీ లేదు. వెన్నెల అంటే చంద్రుడి మీద పడి మళ్లిన ఎండే. కాకపోతే ఎండకన్నా దాదాపు నాలుగు లక్షల రెట్లు పలచన. పట్టపగలు సెకనులో నూరో వంతు చాలిన దృశ్యానికి, లెన్సు బాగా తెరిచి, సెన్సర్ సున్నితత్వం పెంచి, పదిహేను సెకన్లిస్తే అదే నీలం, అదే పచ్చదనం వచ్చేస్తాయి. మన కంటికి ఆ వీలు లేదు. అది వెలుతురును సెకనులో పదో వంతుకు మించి పోగు చేసుకోలేదు. పైగా మసక చీకట్లో పనిచేసే కణాలకు రంగులు తెలియవు, రంగులు తెలిసిన కణాలకు ఆ కాస్త వెలుతురు చాలదు. కాబట్టి వెన్నెల్లో అడవి నలుపు తెలుపుల్లో ఉందనుకోవడం మన కంటి పేదరికం. అక్కడ లేనిదాన్ని కెమెరా పుట్టించలేదు, ఉన్నదాన్ని ఓపిగ్గా పోగు చేసింది. ఖగోళ శాస్త్రం నూటయాభై ఏళ్లుగా నమ్ముకున్నది ఈ ఓపికనే.

ఆ ఓపికకు హైదరాబాద్ రాజ్యంలో పెద్ద చరిత్రే ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత సరదాతో, సొంత డబ్బుతో ఫిసల్‌బండలో నక్షత్రశాల పెట్టాడు. ఆయన పోయాక 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, తర్వాత బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి పటం గీయాలని 1887లో పారిస్‌లో కూడిన శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని పట్టీలుగా కోసి ప్రపంచంలోని నక్షత్రశాలలకు పంచారు. ఆ మహాయజ్ఞంలో దక్షిణాకాశపు ఒక పట్టీ హైదరాబాద్ వంతుకొచ్చింది. ఎనిమిది అంగుళాల కెమెరా దుర్బిణికి గాజు పలకలు బిగించి, నిమిషాల తరబడి తెరిచి ఉంచి, ఒక్కో పలకలోని చుక్కల స్థానాలను కొలిచి, పుస్తకాలుగా అచ్చేశారు. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకే వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో ఒక ఫొటో పలక మీద కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. అంటే ఇవాళ గుట్ట మీద స్టాండు పాతే కుర్రాడు చేస్తున్నది దిగుమతి సరదా కాదు, బేగంపేట రాత్రుల్లో ఒక తరం చేసిన పనికి కొనసాగింపు.

ఇక బేగంపేట ఆకాశం ఏమైందో చెప్పనక్కర్లేదు. నగరం పెరిగి చుక్కలు మసకబారడంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన పెద్ద దుర్బిణికి చీకటి ఉన్న చోటు వెతుక్కుంటూ ఆగ్నేయానికి, రాచకొండ గుట్టల దాపుకు వెళ్లింది. జాపాల, రంగాపూర్ ఊళ్ల దగ్గర నలభై ఎనిమిది అంగుళాల దుర్బిణి 1968లో పనిలోకి దిగింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ నేల మీదుగా వెళ్లినప్పుడు దేశవిదేశాల శాస్త్రజ్ఞులు అక్కడ మకాం వేశారు. ఆ తర్వాత నగరపు వెలుతురు అక్కడిదాకా వచ్చింది, దుర్బిణి ప్రాభవం తగ్గింది. ఫిసల్‌బండ, బేగంపేట, రంగాపూర్ అని వరసగా చదివితే ఒక శతాబ్దం లోపే చీకటి దాదాపు యాభై కిలోమీటర్లు వెనక్కి తగ్గిందని తెలుస్తుంది. ఇక మిగిలిందల్లా దక్షిణాన నల్లమల. చిత్రంగా అక్కడ, అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం గుట్ట కింద, మరో రంగాపూర్ ఉంది. పాత నల్లగొండ సరిహద్దుకు ఆనుకుని ఉన్న రంగాపూర్ పోగొట్టుకున్నది పాలమూరు రంగాపూర్‌కు ఇంకా దక్కుతోంది. ఎన్నాళ్లన్నదే ప్రశ్న.

నల్లమల ఆకాశం విలువేమిటో అక్షాంశాలు చూస్తే అర్థమవుతుంది. ధ్రువనక్షత్రం ఇక్కడ ఉత్తరాన పదహారు, పదిహేడు డిగ్రీల ఎత్తులో, గుట్ట అంచుకు కాస్త పైన ఉంటుంది. భూమి గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది కనుక షట్టర్‌ను గంటసేపు తెరిచి ఉంచితే చుక్కలు దాని చుట్టూ వలయపు ముక్కల్లా గీసుకుపోతాయి. దక్షిణానికి తిరిగితే అసలు సంపద. పాలపుంత నడిబొడ్డు, వృశ్చికం తోక పక్కన, నడినెత్తికీ నేలకూ సరిగ్గా మధ్యన, నలభై అయిదు డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. లండన్‌లో అది పది డిగ్రీలైనా లేవదు, ఇళ్ల కప్పుల మీది పొగమంచులోనే పుట్టి అక్కడే అణగిపోతుంది. యూరప్ ఫొటోగ్రాఫర్లు విమానమెక్కి వెతుక్కునే దక్షిణ శిలువ అనే చుక్కల గుంపు వేసవి రాత్రుల్లో కృష్ణ లోయ మీద పధ్నాలుగు డిగ్రీల ఎత్తున నిలబడుతుంది. ఇంత ఆకాశం కింద సలేశ్వరం తొవ్వ ఉంది. ఏడాదికోసారి చైత్ర పున్నమికి, ఫర్హాబాద్ గేటు దాటి రాంపూర్ పెంట అనే చెంచు గూడెం మీదుగా కొంత దూరం బండ్ల మీద, ఆ మీదట కాలినడకన, బండల అంచులు పట్టుకుని లోయలోకి దిగి, జలపాతం పక్కన గుహలోని లింగాన్ని చూసి వస్తారు. అక్కడి పూజారులు చెంచులు. దిగేటప్పుడు వస్తున్నాం లింగమయ్యా అని, ఎక్కేటప్పుడు పోయొస్తం లింగమయ్యా అని లోయ మార్మోగుతుంది. పాలపుంతకు కావాల్సింది అమావాస్య, సలేశ్వరం జాతర జరిగేది పున్నమికి. కెమెరావాళ్ల దృష్టిలో ఇది దురదృష్టమే కావచ్చు. కానీ కాగడాలకే గాని కరెంటుకు దిక్కులేని కాలంలో లోయలోకి దిగే జాతరకు పున్నమి ఎందుకు కుదిరిందో ఊహించడం కష్టం కాదు.

అయితే చీకటిని కొలవడానికి ఫొటోలెందుకు, ఉపగ్రహాలు ప్రతి రాత్రీ భూమి మీది దీపాలను లెక్కపెడుతూనే ఉన్నాయి కదా అని అడగవచ్చు. ఇది గట్టి ప్రశ్నే. జవాబు ఆ ఉపగ్రహాల కంటిలోనే ఉంది. రాత్రి దీపాలను చూసే ప్రధాన పరికరం నీలి రంగు వెలుతురును దాదాపు చూడలేదు. పాత పసుపు సోడియం దీపాలు పోయి ఎల్‌ఈడీలు వచ్చినచోట, నేల మీద మనిషికి ఆకాశం తెల్లబడినట్టు తెలుస్తున్నా, ఉపగ్రహానికి వెలుతురు తగ్గినట్టు కూడా కనిపించవచ్చు. మన దేశంలో వీధి దీపాలను ఎల్‌ఈడీలకు మార్చే జాతీయ పథకం 2015లో మొదలైంది, ఆ తర్వాత హైదరాబాద్ వీధులూ మారాయి. ఇంకో లోపం, ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. హోర్డింగుల నుంచి, కిటికీల నుంచి నేలకు సమాంతరంగా పోయే వెలుతురు దానికి అందదు, గుట్ట మీద నిలబడ్డవాడి ఆకాశాన్ని చెడగొట్టేది మాత్రం ఎక్కువగా అదే. అందుకే 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఉపగ్రహాలను పక్కన పెట్టి, 2011 నుంచి 2022 దాకా లోకంలోని మామూలు జనం కళ్లతో చూసి నమోదు చేసిన యాభై వేలకు పైగా పరిశీలనలను నమ్ముకుంది. ఆకాశపు వెలుతురు ఏటా ఏడు నుంచి పది శాతం దాకా పెరుగుతోందని తేల్చింది. ఆ లెక్కన 250 చుక్కలు కనిపించే ఊళ్లో పుట్టిన బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వంద మిగులుతాయి. అయితే ఆ పరిశీలనల్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికాలవి. దేవరకొండ కోట మీది ఆకాశం ఎంత మారిందో, కోయిలకొండ మీది ఆకాశం ఎంత మారిందో వాటిని చదివితే తెలియదు. దాన్ని నమోదు చేయగలిగినవాళ్లు ఇప్పటికే కెమెరాలు పట్టుకుని ఇక్కడి గుట్టలెక్కుతున్నారు. వాళ్లకు లేనిదల్లా క్రమం.

ఆ క్రమం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒకే బండ, ఒకే దిక్కు, ఒకే లెన్సు, ఒకే సున్నితత్వం, ఒకే నిడివి, ఏటా అదే అమావాస్య. ఇరవై మిల్లీమీటర్ల లెన్సయితే పాతిక సెకన్లకు మించకూడదు, మించితే చుక్కలు గీతలవుతాయి. సున్నితత్వాన్ని కెమెరా ఇష్టానికి వదలకూడదు. కెమెరా తనంతట తాను రంగులు దిద్దిన ఫొటోను కాక, దిద్దని మూల ఫైలును దాచాలి. మన వేసవిలో బండ రాత్రి పదింటికీ సెగలు కక్కుతుంది, ఆ వేడికి సెన్సర్ మీద లేని చుక్కలు పుడతాయి. కాబట్టి లెన్సు మూత పెట్టి అదే నిడివితో మరో ఫొటో తీసి, రెండింటినీ పోల్చి, దొంగ చుక్కలను ఏరెయ్యాలి. ఏప్రిల్ దుమ్ములోనూ, వరికొయ్యలు కాల్చే రోజుల్లోనూ అదే నగరం రెండింతలు వెలిగినట్టుంటుంది కనుక ఒక్క ఫొటోతో తీర్పు చెప్పకూడదు, వరస కావాలి. కెమెరాకూ కెమెరాకూ తేడా ఉంటుంది కదా అంటే, ఉంటుంది. అందుకే ఒక కెమెరాను ఇంకో కెమెరాతో పోల్చవద్దు, ఒకే కెమెరా తీసిన ఈ ఏటి ఫొటోను నిరుటి దానితో పోల్చండి. ఒక చదరంలో ఎన్ని చుక్కలున్నాయో వేలితో లెక్కపెట్టినా సరిపోతుంది. వండే బొమ్మల దగ్గర గీత కూడా ఇక్కడే గీయాలి. సాయంత్రం తీసిన కోటను, ఇంకోచోట తీసిన పాలపుంతను అతికించి భువనగిరి బండ మీద పాలపుంత అని పెట్టడం సాక్ష్యాన్ని చెరపడమే. భువనగిరి ఊరి దీపాల మధ్య ఆ బండ మీద పాలపుంత అంత ధగధగా కనిపించదు. కనిపించినట్టు చూపిస్తే, పోయిన చీకటి పోలేదని అబద్ధం చెప్పినట్టు. పత్రికలు ఇలాంటి ఫొటో వేసినప్పుడు కింద తేదీ, నిడివి, దిక్కు అచ్చేయాలి. ముఖచిత్రాలు వేసే ఆదివారం అనుబంధాలకూ ఇది వర్తిస్తుంది.

చీకటి కావాలనడం పట్నంవాళ్ల మురిపెం అన్నది మరో అభ్యంతరం, అన్నింటిలోకీ న్యాయమైనది కూడా. చెంచు పెంటలకు దశాబ్దాల పాటు కరెంటు లేదు. చీకట్లో పాము కాటు తిన్నవాళ్లను, అర్ధరాత్రి నొప్పులు పడ్డవాళ్లను మోసుకుపోయిన జనం ముందు చీకటి సంపద అంటే వాళ్లు నవ్వుతారు, నవ్వాలి కూడా. ఊరి బస్టాండు దగ్గర ఆడపిల్ల నిలబడే చోట దీపం ఉండి తీరాలి. కానీ ఫొటోలో కనిపించే ఆ నారింజ మచ్చ ఆ బస్టాండు దీపానిది కాదు. ఎవరి కాళ్ల ముందూ పడకుండా ఆకాశంలోకి పోయిన వెలుతురది, అంటే బిల్లు కట్టి మరీ పారబోసిన కరెంటు. మూత లేని దీపం వెలుతురులో కొంత భాగం నేరుగా పైకే పోతుంది, మనిషి కళ్లలో పడి చుట్టుపక్కల మరింత చీకటిగా అనిపించేలా చేస్తుంది. దీపానికి టోపీ పెట్టి కిందికి వంచితే, తెల్ల దీపం బదులు పసుపు ఛాయ దీపం వాడితే, రోడ్డుకు వెలుతురు తగ్గదు, ఆకాశానికి తగ్గుతుంది. గుట్ట మీది గుళ్లకు రంగురంగుల ఫ్లడ్‌లైట్లు కిందనుంచి పైకి కొట్టడం ఇప్పుడు రివాజైంది. భక్తులకు కావాల్సింది మెట్టు కనిపించడం. మోకాలి ఎత్తున చిన్న దీపాలు పెట్టినా ఆ పని జరుగుతుంది.

రాత్రి ఫొటోలను ఇలా ప్రోత్సహిస్తే పులుల అడవిలోకి జనాన్ని తోలినట్టే కదా అన్నవాళ్ల మాటను తేలిగ్గా కొట్టేయలేం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. శ్రీశైలం రహదారిపై మన్ననూరు నుంచి దోమలపెంట దాకా రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు పోనివ్వరు. సలేశ్వరం యాత్రను కూడా ఇటీవలి సంవత్సరాల్లో అటవీ శాఖ పగటి వేళలకే పరిమితం చేస్తోంది. ఇవి సరైన నిర్ణయాలు. రాత్రి సలేశ్వరం తొవ్వలో కాగడాల తీగ ఫొటో కోసం ఆ నియమాన్ని సడలించమని ఎవరడిగినా ఒప్పుకోకూడదు. ఆ ఒక్క ఫొటో మనకు అక్కర్లేదు. చీకటికి దస్తావేజు కావాలంటే అడవి మధ్యలోకి పోవాల్సిన పనే లేదు. అంచున, రోడ్డున్న చోట, ఉమామహేశ్వరం గుట్ట కింది పొలాల గట్టు మీద నిలబడి దక్షిణానికీ ఉత్తరానికీ రెండు ఫొటోలు తీస్తే రెండు లోకాల తేడా వచ్చేస్తుంది. అడవిలోపల రాత్రి ఫొటో అవసరమైతే అది శాఖ సిబ్బంది చేతిలో ఉండాలి. పులుల అడవికీ చుక్కల ఆకాశానికీ పొత్తు కుదరదనేవాళ్లకు మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యాన్ని చూపించవచ్చు. 2024లో అది మన దేశంలో మొదటి డార్క్ స్కై పార్కుగా అంతర్జాతీయ గుర్తింపు పొందింది. రాత్రి తిరిగే జంతువుకు, కీటకానికి, వలస పక్షికి కావాల్సిన చీకటే చుక్కలకూ కావాలి కనుక అక్కడ రెండు పనులూ ఒకే పనయ్యాయి. అంతకుముందు లద్దాఖ్‌లోని హాన్లే అదే దారి తొక్కింది, అక్కడ ఊరి జనమే చుక్కలు చూపించి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు. హాన్లే ఎడారి గాలి మనకు లేదు, వానాకాలం నాలుగు నెలలు ఆకాశమే కనిపించదు. అయినా పెంచ్‌కు కుదిరింది అమ్రాబాద్‌కు కుదరకపోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

తొందర ఎందుకంటే, వెలుతురు దక్షిణానికి రావడానికి రోడ్లు ఇప్పటికే సిద్ధమవుతున్నాయి. 2014 డిసెంబర్‌లో రాచకొండ గుట్టల మీద హెలికాప్టర్‌లో తిరిగి అక్కడ ఫిల్మ్ సిటీ అని ప్రభుత్వం అంది, అది రాలేదు. ఇప్పుడు శ్రీశైలం దారిలోనే, ముచ్చర్ల, మీర్‌ఖాన్‌పేటల వైపు ఫ్యూచర్ సిటీ అంటున్నారు. అభయారణ్యం మీదుగా మన్ననూరు నుంచి శ్రీశైలం వైపు ఎత్తైన వంతెన రోడ్డు ప్రతిపాదన కూడా నడుస్తోంది. కింద జంతువులు స్వేచ్ఛగా తిరగడానికే స్తంభాల మీద రోడ్డు అంటున్నారు, అది మంచి మాటే. కానీ ఆ రోడ్డు వస్తే రాత్రి తొమ్మిది గంటల గేటు ఉంటుందా, స్తంభాల మీద దీపాలుంటాయా, ఉంటే ఏ రంగువి, ఎటు వంగినవి అన్నవి పర్యావరణ నివేదికలో అడగాల్సిన ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పించాలంటే రోడ్డుకు ముందు ఆకాశం ఎలా ఉండేదో చూపించగలగాలి. ప్రజాభిప్రాయ సేకరణ రోజున కలెక్టర్ ముందు పెట్టడానికి మాటల కన్నా, తేదీ, నిడివి, దిక్కు రాసిన నాలుగేళ్ల ఫొటోల వరస ఎక్కువ పనికొస్తుంది. ఆ వరసలో మొదటిది ఈ ఏడు పుష్య అమావాస్యకు తీయవచ్చు. చలికాలపు ఆకాశం శుభ్రంగా ఉంటుంది, పాలపుంత నడిబొడ్డు అప్పుడు దొరకకపోయినా మృగశిర, కృత్తికల మధ్య చుక్కలు లెక్కపెట్టడానికి అనువుగా ఉంటాయి, పొలాల్లో కల్లాలూ అప్పటికి ఎత్తేసి ఉంటారు.